ఒక సెంటీమీటరు తక్కువ

శ్రీనివాసమూర్తి ఆ బుధవారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఎనిమిదికి కొడుకు ఎత్తు కొలవడం, తొమ్మిదికి వాడి చేత సైన్యంలో చేరడానికి ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టించడం, పదికి ఎప్పటిలాగే బట్టలంగడి తెరవడం. చింతామణి ఊరి బజారులో ఆ అంగడి పది దాటి తెరిచిన రోజు ఎవరికీ గుర్తులేదు. ఆ బుధవారం తెరిచేసరికి పదకొండున్నర అయింది.

కొడుకు యశస్‌కు అగ్నివీరుడు కావాలని రెండేళ్ళుగా కోరిక. ప్రతిరోజూ కోడి కూసే వేళకు లేచి చేలూరు రోడ్డు మీద పరుగెత్తి వచ్చేవాడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కనుక ఇదే ఆఖరి అవకాశం, దరఖాస్తుకు మరునాడే ఆఖరి తేదీ. వాళ్ళ ఇంట్లో అంతవరకు కత్తెర కంటే పెద్ద ఆయుధం ఎవరూ పట్టింది లేదు. మూర్తికి కొడుకును పంపడం ఇష్టం లేదు, ఇష్టం లేదని చెప్పి వాడి మనసు నొప్పించడం అంతకన్నా ఇష్టం లేదు. అందుకని ఒకే ఒక్క షరతు పెట్టాడు. దరఖాస్తులో అబద్ధం అన్నది ఉండకూడదు.

"నూటఅరవై ఆరు ఉండల్లంట గదా ఎత్తు. ఉండావా?"

"ఉండా నాయనా. జిమ్‌లో గోడమీద గీతలుండాయి. నూటఅరవై ఏడు చూపిస్తాది."

"పెయింటరు గీసిన గీతలు నమ్ముకోని సర్కారుకి రాసిస్తావా? చెప్పులిడిసి ఇట్ల వచ్చి నిలబడు."

ఆ అంగడిలో మీటరు కడ్డీలు రెండున్నాయి. ఒకటి ఇనుపది. తూనికల శాఖవాళ్ళు ముద్ర వేసి ఇచ్చినది. అది గోడ మీద మేకుకు వేలాడుతుంది. ఆయుధపూజకు పసుపూ కుంకుమా పెట్టించుకోవడం తప్ప దానికి వేరే పనిలేదు. రెండోది మూర్తి తండ్రి చేయించిన టేకు కడ్డీ, రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. గుడ్డ కొలిచేదంతా దాంతోనే. వేరే అంగట్లో కొన్న గుడ్డ మీద అనుమానం వస్తే ఊరివాళ్ళు మూర్తి అంగడికి తెచ్చి మళ్ళీ కొలిపించుకునేవారు. ఆ కడ్డీ ముందు మిగతా అంగళ్ళ గుడ్డలన్నీ ఎందుకో కాస్త తగ్గేవి. మూర్తి అంగడికి మంచి పేరు రావడానికి అదే కారణం.

యశస్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముద్ర వేసిన ఇనుప కడ్డీ సరిగ్గా వాడి చెవి పక్కనే వేలాడుతోంది. మూర్తి కొడుకు తలమీద పంచాంగం పెట్టి గోడకు గీత గీశాడు. టేకు కడ్డీ నేలమీద నిలబెట్టి మీటరు దగ్గర గుర్తు పెట్టాడు, ఆపైన మిగిలింది టేపుతో కొలిచాడు. అరవై ఐదు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అరవై ఐదే. మూడోసారి ఊపిరి బిగబట్టి కొలిచినా అది పెరగలేదు.

"నూటఅరవై ఐదు. ఒక సెంటీమీటరు తక్కువుండాది," అన్నాడు.

"జిమ్‌లో..."

"మీ తాత కడ్డీకంటే జిమ్ గోడ గొప్పదా?"

అంగడి వెనకే ఉన్న ఇంటి గడపలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న మూర్తి తల్లి కన్యకమ్మ తలెత్తి కడ్డీ వైపు చూసింది, మనవడి వైపు చూసింది, ఏదో అనబోయింది. మళ్ళీ కాయలు ఒలుచుకోసాగింది.

మూర్తికి మాత్రం లోపల హాయిగా అనిపించింది. తను వద్దనకుండానే పని జరిగిపోయింది. ఆ హాయిలోనే కొడుకు ముఖం చూశాడు. యశస్ చెప్పులు వేసుకుంటున్నాడు, ఎడమది కుడికాలికి వేసుకుంటున్నాడు. అది చూశాక మూర్తికి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ ఒక్క సెంటీమీటరు ఎలాగైనా సంపాదించి పెట్టాలని అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాడు.

వెనకవీధిలో ఉండే రిటైర్డ్ హవల్దారు చెన్నరాయప్ప పేపరు చదవడానికి రోజూ అంగడికి వచ్చేవాడు. ఆరోజూ వచ్చాడు, సంగతి విన్నాడు.

"మూర్తి కడ్డీ చెప్పినాక తిరుగులేదు," అని ఒప్పుకున్నాడు. "అయినా ఒక సెంటీమీటరేగదప్పా. మా పిల్లోళ్ళకయితే రెండు సెంటీమీటర్లు రిలాక్సేషన్ ఉండాది."

"మీ పిల్లోళ్ళంటే?"

"సైన్యంలో చేసినోళ్ళ కొడుకులకి. సొంత కొడుకైనా సరే, చట్టప్రకారం దత్తు తీసుకున్నోడైనా సరే. ఏం లాభం, నాకు పిల్లల్లేరు. ఆ రెండు సెంటీమీటర్లూ వ్యర్థంగా పడుండాయి."

చెన్నరాయప్ప నవ్వుతూ అన్నాడు. అయితే సరుకు వాడకుండా పడి ఉందని వింటే ఏ వ్యాపారీ ఊరుకోలేడు. మూర్తి మరీ ఊరుకోలేడు.

"మా వాణ్ణి దత్తు తీసుకుంటావా హవల్దారప్పా?"

"దానికేం, తీసుకుంటే పోయె," అని చెన్నరాయప్ప పేపరు మడిచి నవ్వుకుంటూ ఇంటికి పోయాడు.

కాగితం మీద మాత్రం దత్తత రాయించి, పని అయ్యాక చించేస్తే సరిపోదా అని ఇంకొకరైతే అనుకుని ఉండేవారు. మూర్తికి ఆ దారి లేదు. ఉత్తుత్తి దత్తత అంటే అబద్ధం, దరఖాస్తులో అబద్ధం ఉండకూడదని షరతు పెట్టింది తనే. కాబట్టి నిజమైన దత్తతే ఇవ్వాలని తీర్మానించుకున్నాడు. నిజాయితీపరులు చేసే పొరపాట్లకు హద్దు ఉండదు.

తాలూకా కచేరి ముందు కూర్చునే నోటరీ దగ్గరికి పోయి విచారించాడు. "పదిహేనేండ్లు దాటినోళ్ళని దత్తు ఇచ్చేదానికి కుదరదప్పా. మీలో అట్లాంటి ఆచారం ఉంటే తప్ప. ఉంటే పెద్దమనిషినొకణ్ణి పిల్చుకోని రా," అన్నాడు నోటరీ.

వర్తక సంఘంలో పెద్దమనిషంటే నాగరాజ్. మూర్తి అంగడికి ఎదురంగడి, ఆయనదీ బట్టల వ్యాపారమే. మూర్తి సిగ్గుపడి అసలు సంగతి చెప్పలేదు.

"మనలో పెరిగిన కొడుకుల్ని వేరేవాళ్ళకి దత్తు ఇచ్చే ఆచారం ఉండాదా నాగరాజన్నా?" అని మాత్రం అడిగాడు.

నాగరాజ్ చాలాసేపు ఆలోచించి, "ఆలోచించి రేపు చెప్తా," అన్నాడు. ఆలోచించడానికి ఆయన సంఘంలో నలుగురిని సంప్రదించాడు. ఆ నలుగురూ తలా నలుగురిని సంప్రదించారు.

మధ్యాహ్నానికి మూర్తి భార్య సుజాతమ్మకు బాగేపల్లి నుంచి చెల్లెలు స్మిత ఫోన్ చేసింది. "అక్కా, యశస్‌ని బావ ఇల్లిడిపించినాడంటనే. యాడికీ పంపొద్దు, మా ఇంటికి బస్సెక్కించు," అంది. సుజాతమ్మకు తన ఇంట్లో జరుగుతున్నది అలా బాగేపల్లి మీదుగా తెలిసింది.

మూర్తి భోజనానికి వస్తే పళ్ళెంలో రాగిముద్ద పెట్టింది, అద్దుకోవడానికి సారు పోయలేదు.

"కొడుకుని ఇచ్చేముందు నన్నొక మాట అడగల్లని తోచలేదా?"

"అడుగుదామనే ఉంటి. అర్జి నింపినాక."

ఆమె అప్పటికీ సారు పోయలేదు.

అవతల చెన్నరాయప్ప తన ఇంట్లో, పొద్దున అంగట్లో జరిగిన తమాషా ఇదీ అని భార్య ఆశమ్మకు చెప్పాడు. ఆశమ్మ నవ్వలేదు. లేచి పోయి, ముప్పై ఏళ్ళుగా పాత సామాను వేసి ఉన్న వెనక గది ఊడ్చింది, కడిగింది, మంచం వేసి కొత్త దుప్పటి పరిచింది. అది చూశాక చెన్నరాయప్పకూ నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి ఆయన ట్రంకుపెట్టెలో నుంచి మెడల్స్ తీసి తుడుచుకున్నాడు. ఆ సంతోషంలో మంచేనహళ్ళిలో ఉన్న తమ్ముడు బయ్యప్పకు ఫోన్ చేసి చెప్పడమే ఆయన చేసిన తప్పు.

గురువారం ఎనిమిదింటికల్లా మంచేనహళ్ళి నుంచి ఒక టెంపో వచ్చి అంగడి ముందు ఆగింది. బయ్యప్ప దిగాడు, వెనక బంధువులు ఆరుగురు దిగారు. అన్నకు పిల్లలు లేరు కనుక అన్న మామిడితోట తన కొడుకు అమరేష్‌కే వస్తుందని బయ్యప్ప నమ్మకం. అదే సమయానికి ఒకవైపు నుంచి చెన్నరాయప్ప దంపతులు, ఆయన ఎదమీద మెడల్స్‌తో, ఆమె చేతిలో పాయసం గిన్నెతో, వచ్చారు. ఇంకోవైపు నుంచి, ఆలోచించి అలాంటి ఆచారం ఉందని తేల్చిన నాగరాజ్ వచ్చాడు.

"అన్నా, దత్తుకి ఎత్తే లెక్కయితే మా అమరేష్ నూటడెబ్భై రెండు ఉండాడు," అన్నాడు బయ్యప్ప. "సెంటీమీటరు తక్కువున్నోణ్ణి తెచ్చుకుంటావా?"

"నాకు తోటకి మనిషి అక్కరలేదురా. ఇంటికి మనిషి కావల్ల," అన్నాడు చెన్నరాయప్ప. మూర్తి వైపు తిరిగి, "ఒక మాటప్పా. దత్తు అంటే దత్తే. పిల్లోడు ఈ పొద్దునుంచే మా ఇంట్లో ఉండల్ల. సెలవు దొరికి రజాకి వచ్చినా మా ఇంటికే రావల్ల," అన్నాడు.

"రూము కడిగి పెట్టిండా," అంది ఆశమ్మ మెల్లగా.

మూర్తి నిజమైన దత్తత అనుకున్నాడే గాని, నిజమైన దత్తతలో కొడుకు నిజంగానే వెళ్ళిపోతాడని ఆ క్షణం వరకు తట్టలేదు. సుజాతమ్మ గడప దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

యశస్ అందరినీ ఒకసారి చూశాడు. "వద్దు నాయనా. నా ఒక్కడి కోసరం ఇంతమంది ఎందుకు బాధపడల్ల? అర్జి వద్దు, ఏమీ వద్దు. అంగట్లోనే ఉంటా," అన్నాడు. పోయి తండ్రి కూర్చునే చోట కూర్చున్నాడు, టేకు కడ్డీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కన్యకమ్మ కోరుకున్నది అదే. మనవడు ఊళ్ళో ఉండిపోవాలని, తన కళ్ళముందు తిరగాలని. కానీ కూర్చున్న ఆ పిల్లవాడి ముఖం చూస్తే ఆ ముసలి ప్రాణం తట్టుకోలేకపోయింది. ఇరవై ఏళ్ళవాడు అరవై ఏళ్ళవాడిలా కూర్చున్నాడు.

"శీనప్పా," అని కొడుకును పిలిచింది. "గోడమీదుండే ఇనుప కడ్డీ దించు. దించి ఆ టేకు కడ్డీ పక్కన పెట్టు."

"ఇప్పుడెందుకమ్మా?"

"పెట్టప్పా."

మూర్తి దించి, రెండూ నేలమీద పక్కపక్కన పెట్టాడు. ఒక కొస సరిచేశాడు. రెండో కొస దగ్గర టేకు కడ్డీ ఇనుపదానికంటే వేలి వెడల్పున రెండు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చింది. అటు సరిచేస్తే ఇటు పొడుచుకొచ్చింది.

"మీ నాయన చేయించేటప్పుడే వేలెడు ఎక్కువ చేయించె," అంది కన్యకమ్మ. "గుడ్డ తడిపితే కుంచుకుంటాది, కొన్నోళ్ళు నష్టపోగూడదు అనె. నీకు తెలిస్తే కొస కోసేస్తావని నన్ను చెప్పనియ్యలేదు."

"మరి నిన్న నేను కొలిచేటప్పుడు..."

"చూస్తానే ఉంటి. చెప్పుంటే వాడు పోతాడు గదా. ఆశ పడితి. నాదే తప్పు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "సైన్యానికి పోయినోడు రజాకి మనింటికి వస్తాడు. దత్తు పోయినోడు చుట్టమై వస్తాడు. దానికంటే సైన్యమే మేలు. సరైన కడ్డీతో కొలిచి పంపండి."

ఇనుప కడ్డీతో కొలిచారు. నూటఅరవై ఏడు. జిమ్ గోడమీద పెయింటరు గీసిన గీత అక్షరాలా నిజం. యశస్ నవ్వాడు, ఆ వెంటనే వాడికి ఏడుపు వచ్చింది.

ఇంతసేపూ రెండు కడ్డీల పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్న నాగరాజ్ నిదానంగా లేచాడు.

"మూర్తీ, ముప్పై ఏండ్లనుంచి నేను కొలత కోస్తానని ఊరంతా పేరు మోసినా. నా గుడ్డ నీ దగ్గరికి తెచ్చి కొలిపించి, వాపసు తెచ్చి నా మొగాన ఏసినోళ్ళుండారు. మా నాయన ఆ దిగులుతోనే పోయె."

మూర్తి చేతులు జోడించాడు. అంతకంటే చేయగలిగింది కనబడలేదు.

ఆశమ్మ గిన్నె మూత తీసింది. "చేసిన పాయసం చల్లారిపోతాది, తినండి," అంది. కన్యకమ్మ లేచి పోయి ఆమె చేయి పట్టుకుంది. "దత్తు ఇయ్యలేనమ్మా. వాడు రజాకి వస్తే ఒక పూట మీ ఇంట్లో తింటాడు. అది మాత్రం మాటిస్తా," అంది. ఆశమ్మ తల ఊపి, వంచిన తల ఎత్తకుండానే పాయసం పోయసాగింది. బయ్యప్ప రెండుసార్లు పాయసం పోయించుకుని, తోట క్షేమమని తెలిశాక టెంపో ఎక్కాడు.

ఆ మధ్యాహ్నమే ఏ సడలింపూ అడగకుండా దరఖాస్తు వెళ్ళింది. పరీక్ష రాయించడానికి మూర్తి తోడుపోయాడు. సైన్యంవాళ్ళ ఎంపిక ర్యాలీకి చెన్నరాయప్ప మెడల్స్ పెట్టుకుని తోడుపోయాడు. అక్కడ ఎత్తు కొలిచిన జవాను కొయ్య పలక తలమీదికి దించి, నూటఅరవై ఏడు అని రాసుకుని, తర్వాతివాణ్ణి పిలిచాడు. ఎవరి కొడుకని అడగనేలేదు. యశస్ ఎంపికయ్యాడు. వాడు బయల్దేరిన రోజు కన్యకమ్మ బస్‌స్టాండులో అందరి ముందు ఏడ్చింది, పక్కన ఆశమ్మ కూడా ఏడ్చింది.

మరునాడు పొద్దున సరిగ్గా పదికి మూర్తి అంగడి తెరిచాడు. టేకు కడ్డీకి కుంకుమ పెట్టి గోడకు తగిలించాడు. ఇనుప కడ్డీ చేతిలోకి తీసుకుని, జీవితంలో మొదటిసారిగా మీటరుకు మీటరు కొలిచి ఇచ్చాడు.

కొడుకు సైన్యానికి పోయాక మూర్తి కొలత తగ్గించాడని చింతామణి అంతా తెలియడానికి పది రోజులు పట్టింది.