రాహుకాలం నేర్చిన ఇనుప చెయ్యి

గురువారం పొద్దున రామదాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మిషను ఆడించడం, మధ్యాహ్నానికి పర్మనెంటు ఉద్యోగి కావడం, సాయంత్రం బస్సెక్కి బత్తలపల్లెలో అమ్మకు చెప్పడం.

అది మామూలు మిషను కాదు. ఎనభై ఏడులో తాడిపత్రి బండల ఫ్యాక్టరీ యజమాని గంగాధరప్ప బెంగళూరులో సెకండ్‌హ్యాండుకు కొన్న రోబో. ఒంటి ఇనుప చెయ్యి. పక్కనున్న కంప్యూటరులో ప్రోగ్రాము రాసిపెడితే బండను ఎత్తి పాలిషు చక్రం కింద పెడుతుంది. పాలిటెక్నిక్ చదివిన రామదాసు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టరు. ఆ ధీమాతోనే నిన్న యజమాని ముందు గొప్పకు పోయాడు.

"నేను రాహుకాలం నమ్మను సార్. అయినా మీకోసం మిషనుకు నేర్పించినా. ఏ వారానికి ఆ వారం టైము చూసుకొని అదే నిలబడిపోతాది."

"శభాష్‌రా అబ్బీ!" గంగాధరప్ప మురిసిపోయాడు. "రేపు చిలమత్తూరు కాంట్రాక్టరు రామప్ప వస్తాండాడు. కల్యాణమంటపానికి బండలు కావాలంట. మిషను ఆడిందా, ఆర్డరు మనది, ఉద్యోగం నీది. ఆడలేదా, బత్తలపల్లె బస్సు యాడ నిలుస్తాదో నీకు తెలుసు."

పొద్దున టెంకాయ కొట్టగానే చెయ్యి చకచకా నాలుగు బండలు ఎత్తింది. అంతలో కరెంటు పోయింది. వచ్చింది. చెయ్యి మాత్రం గాల్లోనే ఉండిపోయింది.

రామదాసు వైర్లు పీకి పెట్టాడు. ఫ్యూజు మార్చాడు. లారీ మెకానిక్ ఖాజా హుస్సేన్ వచ్చి ఇనుప మోచేతికి గ్రీజు పూసి, స్పానరుతో రెండు తట్టి చూశాడు.

"దీనికి జబ్బేమీ ల్యాదన్నా. పని చేసే మనసే ల్యా."

"దిష్టి తగిలింటాది," అంటూ గంగాధరప్ప భార్య భద్రమ్మ మిషను చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. ఫ్యాక్టరీ అంతా దగ్గింది. రామదాసు కూడా దగ్గుతూనే, దిష్టిని కారణాల్లోంచి కొట్టేశాడు.

సరిగ్గా ఆ పొగలోకే రామప్ప జీపు దిగాడు. "ఏమప్పా గంగాధరప్పా, మిషను చూపిస్తానని పిలిచి మిరపకాయల పొగ పెడతాండావే?"

"ముందు అన్నం తిందాం రాప్పా!" అని గంగాధరప్ప అతణ్ణి ఇంట్లోకి లాక్కుపోతూ రామదాసు వైపు చూసిన చూపులో బస్సు టికెట్టు స్పష్టంగా కనిపించింది.

రామదాసు ప్రోగ్రామును వరసగా మూడుసార్లు చదివాడు. ఈలోగా కరెంటు ఇంకో రెండుసార్లు పోయి వచ్చింది. చివరికి తెర మూల చూశాడు. సోమవారం, ఏడున్నర.

కరెంటు పోతే ప్రోగ్రాము చెరిగిపోదు, గడియారం మాత్రం చస్తుంది. కరెంటు వచ్చాక అది ఎక్కడ మొదలవ్వాలో రాసింది తనే. వారానికి మొదట ఫ్యాక్టరీ తెరిచేది సోమవారం ఏడున్నరకు గనక అదే రాశాడు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. తాడిపత్రిలో కరెంటు ఏకబిగిన గంటన్నర ఉన్నది ఎప్పుడు? మిషను పొద్దుటి నుంచీ సోమవారం రాహుకాలం దాటలేదు!

తన తెలివికి తానే ఒక మొట్టికాయ వేసుకొని, చేతి గడియారం చూస్తూ సరైన వారం, సరైన టైము కొట్టాడు. బటన్ నొక్కాడు.

చెయ్యి కదలలేదు.

గురువారం, ఒంటిగంటా నలభై. అసలైన రాహుకాలం మొదలై పది నిమిషాలైంది. వెనక చెప్పుల చప్పుడు. యజమానీ, కాంట్రాక్టరూ వచ్చేశారు.

"సార్, తప్పు నాదే..." అని రామదాసు మొదలుపెట్టాడు.

"తప్పేముండాదిరా?" రామప్ప తన గడియారం చూసుకున్నాడు. "రాహుకాలం గదా! మిషనుకు నువ్వే నేర్పించినావని మీ సారు అన్నం కాడ చెప్పినాడులే. మనుషులే పట్టించుకోని రోజుల్లో మిషను నిలబడిందే! కల్యాణమంటపానికి ఇట్లాంటి చెయ్యి ఎత్తిన బండే కావల్ల. మూడు దాటినాక బయానా ఇస్తా, ఆర్డరు నీకే గంగాధరప్పా."

రామదాసు మిగతా తప్పును మింగేసి, మిషనుకు అంటిన గ్రీజు తుడవసాగాడు.

మూడు దాటి, బయానా ఇచ్చి రామప్ప వెళ్లాక గంగాధరప్ప అతని భుజం తట్టాడు. "నీ ఉద్యోగం పర్మనెంటు పో. ఇంగ వర్జ్యం, దుర్ముహూర్తం, అమావాస్య, అన్నీ ఎక్కించు."

"అట్లయితే మిషను ఎప్పుడూ నిలబడే ఉంటాది సార్. బండలెవరెత్తాల?"

"నువ్వే. రాహుకాలం నమ్మనంటివి గదా?"

ఆ విధంగా రామదాసుకు ఉద్యోగం, మిషనుకు సెలవులు ఒకే రోజు మంజూరయ్యాయి.