మూతెడు తైలం

హెడ్డుగారి ముక్కు పనిచేయడం మానేసి పాతికేళ్ళయింది. ఆఫీసులో హెడ్ గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఫైలుకో చిటికెడు చొప్పున పీల్చిన నశ్యం దాన్ని అలా చేసింది. రిటైరయ్యాక నశ్యం మానేశారు గానీ, ముక్కు మాత్రం తిరిగి డ్యూటీలో చేరలేదు. వీధిలో అందరూ ఆయన్ని ఇప్పటికీ హెడ్డుగారనే పిలుస్తారు.

ఆ ఉదయానికి ఇంట్లో పనిచేసే రెండో ముక్కు కూడా మూతపడింది. ఆయన భార్యకు మూడు రోజులుగా పడిశం. మామూలు రోజైతే దుప్పటి ముసుగుపెట్టి పడుకునేది. కానీ పదకొండు గంటలకు ఆవిడ అక్క వస్తోంది. ఈ ఊళ్ళో ఏదో పనుందట, దారిలో ఓ గంట ఆగుతుందట. ఆ మాటైనా చెల్లెలితో చెప్పలేదు, ఫోన్‌లో మరిదికి చెప్పింది. అక్కాచెల్లెళ్ళకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

కారణం పెద్దదేమీ కాదు. వాళ్ళమ్మ పోయిన రోజున చెల్లెలి కంట నీటిచుక్క రాలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించడం, చంటిపిల్లలకు పాలు కలపడం, ఆస్పత్రి కాగితాలు సర్దడం, ఇలా పనిలో పడిపోయింది. అక్క నలుగురిలో "నీది రాతిగుండె" అనేసింది. ఆ మాట పట్టుకుని ఈవిడ, అన్నందుకు సిగ్గుపడి ఆవిడ, ఎవరి ఇంట్లో వాళ్ళు బిగుసుకుపోయారు. అక్క మరిదికి ఫోన్ చేసినప్పుడల్లా చెల్లెలు ఆ పక్కనే నిలబడి, తనకేమీ పట్టనట్టు, తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడిచేది.

అందుకే అక్క వచ్చే వేళకు ఇల్లంతా నీలగిరి తైలం వాసన రావాలని ఆవిడ ముందునుంచే పట్టుబట్టింది. చిన్నప్పుడు పడిశం చేస్తే వాళ్ళమ్మ మరిగే నీళ్ళలో రెండు చుక్కలు వేసి, ఇద్దరినీ ఒకే దుప్పటి కింద కూర్చోబెట్టేది. లోపల చీకటి, ఆవిరి, తలలు ఢీకొట్టుకోవడం, ఆపుకోలేని నవ్వు. "నవ్వితే మందు పనిచెయ్యదే" అని బయటినుంచి అమ్మ గదమాయింపు. రుమాలు మీద ఓ చుక్క, దిండు గలీబు మీద ఓ చుక్క, ఉన్నిబట్టల పెట్టెలో ఓ చుక్క, నేల తుడిచే నీళ్ళలో ఇంకో నాలుగు. ఆ ఇంట్లో అమ్మంటే ఆ వాసనే. గుమ్మంలోకి రాగానే అక్కకు అమ్మ గుర్తొస్తే ఒక్క మాటైనా కలవకపోతుందా అని ఆవిడ ఆశ. లేకపోతే అక్క మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతుంది, ఈ వయసులో మళ్ళీ తొమ్మిదేళ్ళు ఆగే ఓపిక ఎవరికుంది?

తైలం మాట వినగానే హెడ్డుగారికి ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. నీలగిరి ఉపయోగాల మీద ఓ చిన్న పుస్తకం సంపాదించి, "లోపలికి తాగరాదు" అన్నచోట ఎర్రసిరాతో గీతగీసి, భార్యకు మొదటినుంచి చదివి వినిపించారు. దోమలు, జలుబు, కీళ్ళనొప్పులు, చీర మీది జిడ్డుమరక, సీసాలకంటిన లేబుల్ జిగురు, అన్నిటికీ అదేనట. ఏకంగా లీటరు సీసా తెచ్చారు. ముందురోజు మోకాళ్ళకు రాసుకుని, సీసా మూతను మరిచిపోయి చొక్కా జేబులో వేసుకున్నారు. చొక్కా లాండ్రీకి వెళ్ళిపోయింది. సీసా మూతికి పాతకాగితం ఉండచుట్టి కుక్కారు. కథంతా అక్కడే చెడింది.

పనామె చేరి వారమే అయింది. "బకెట్టుకి ఓ మూతెడు పొయ్యమ్మా" అని బొంగురుగొంతుతో చెప్పి, ఇంటావిడ స్నానానికి వెళ్ళింది. పనామె సీసా చూస్తే దానికి మూత లేదు. వంటింట్లో మూతలకేం కొదవ? అన్నం గిన్నె మూత మరీ పెద్దదని పక్కనపెట్టి, పాలగిన్నె మూత తీసుకుని, తిరగేసి నిండా పోసింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మూడు బకెట్లకు మూడు మూతలు పోసి ఇల్లంతా తుడిచేసరికి ఆమె కళ్ళు ధారలు కట్టాయి.

స్నానం చేసి వచ్చిన ఇంటావిడ ఆ కన్నీళ్ళు చూసి కరిగిపోయింది. పడిశం ముక్కుకు వాసనెక్కడిది? ఇంట్లో మొగుడితో గొడవేమో అనుకుని, ఏమీ అడగకుండా వీపు నిమిరి, ఓ పాత చీర చేతిలో పెట్టి, ఇవాళ్టికి ఇంటికెళ్ళి పడుకోమంది. ఆమె కూడా, వాసన ఘాటని చెబితే చీర వెనక్కి తీసుకుంటారేమోనని నోరు మెదపలేదు. అలా ఆ ఇంట్లో మిగిలిన ఒక్క ముక్కూ గడప దాటి బయటికి వెళ్ళిపోయింది.

"ఏమండీ, ఏమైనా వాసనొస్తోందా?"

హెడ్డుగారు గాలి గట్టిగా పీల్చి చూశారు. "ఉహూ. సరుకు కల్తీ అయ్యుంటుంది."

కల్తీ సరుకుకు విరుగుడు ఎక్కువ సరుకేనన్నది ఆయన సిద్ధాంతం. కర్టెన్లకు చల్లారు, సోఫా దిళ్ళకు పట్టించారు, స్టూలెక్కి ఫ్యాను రెక్కలకు గుడ్డతో పూసి, స్విచ్ వేశారు. పావుగంటకు ఇద్దరి కళ్ళూ చింతనిప్పుల్లా అయ్యాయి. ఆవిడ పడిశం ముదిరిందనుకుంది. ఆయన కళ్ళద్దాలు మార్చాలనుకున్నారు.

ఈలోగా పైవాటాలో ఉండే టైలరు వాసన భరించలేక కిందికి దిగాడు. మెట్ల మీద పనామె ఇంకా కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది, ఒళ్ళో ఇంటావిడ చీర. ఏమైందని అడిగితే, "అమ్మగారు చాలా మంచి మనిషండీ" అని మాత్రం అనగలిగింది. టైలరు చెప్పులు అక్కడే విడిచాడు. తలుపు దగ్గర హెడ్డుగారు ఎర్రటి కళ్ళతో నిలబడి ఉన్నారు.

"ఎన్నింటికండీ?" అన్నాడు టైలరు గొంతు తగ్గించి.

"పదకొండింటికి. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తోంది పాపం."

"మాకెవరికీ ఒక్కమాట చెప్పలేదే."

"ఇంటి విషయం. నలుగురికీ చెప్పుకునేదేముంది?"

టైలరు తల దించుకుని వెనుదిరిగాడు. పదకొండింటికి తీసుకెళ్ళిపోతారన్న కబురు అరగంటలో వీధి ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. మూల దుకాణం తలుపు సగానికి దించారు. ఇస్త్రీ ఆయన పెట్టె దించి వచ్చాడు. నలభైమంది చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, వాకిట్లో నిలబడ్డారు. లోపలికెళ్ళి పలకరిద్దామన్న వాళ్ళు కూడా గుమ్మం దగ్గరి ఘాటుకే కళ్ళనీళ్ళతో వెనక్కొచ్చారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళకు ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే అక్క ఆటో దిగింది.

జనాన్ని చూసింది, విడిచిన చెప్పులు చూసింది. ఎవరో, "ఆవిడకు అక్కగారట" అని దారి వదిలారు. చేతిలో సంచీ జారి కిందపడింది. తొమ్మిదేళ్ళుగా దాచుకున్న బింకమంతా ఆ వాకిట్లోనే ఊడిపోయింది. "పదకొండింటికి వస్తున్నానని చెప్పాను కదే, అంతవరకూ ఆగలేకపోయావా, నామీద అంత కోపమా" అని ఏడుస్తూ, తూలుకుంటూ లోపలికి పరిగెత్తింది.

లోపల చెల్లెలు మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొచ్చింది, చెంపల నిండా నీళ్ళు కారుతూ.

అక్క ఆమెను కళ్ళారా చూసి, ముందు భుజం మీద ఒక్కటేసింది. తర్వాత మెడచుట్టూ చేతులు వేసి వదల్లేదు. గ్లాసులో నీళ్ళు ఇద్దరి మీదా ఒలికిపోయాయి.

"అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదక్కా" అంది చెల్లెలు. "ఎంత ప్రయత్నించినా రాలేదు. నాలుగు నెలల తర్వాత అమ్మ దిండు గలీబు ఉతకబోతుంటే ఈ తైలం వాసనొచ్చింది. ఆ రోజంతా ఏడ్చాను. నీకు ఫోన్ చేసి చెప్పాలనుకున్నా, చెయ్యలేకపోయాను."

"ఆ గలీబు ఉతికేశావా?"

"లేదు."

అక్క మరీ గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఇద్దరికీ కారిన కన్నీళ్ళు ఏ సీసాలోవీ కావు.

నిజాయితీ హెడ్డుగారి పాత జబ్బు. టైలరు చేత చీవాట్లు తిని అప్పుడే విషయం గ్రహించిన ఆయన, గొంతు సవరించుకుని ముందుకొచ్చారు. "వదినగారూ, తమకొక సంగతి మనవి చేయాలి. మా ఆవిడ కళ్ళలో మొదట కనబడిన నీళ్ళు..."

"తైలానివి. తెలుసు" అంది అక్క వెనక్కి తిరక్కుండానే. "నాకు ముక్కుంది మరిదిగారూ. వీధి మలుపులోనే అమ్మ వాసనొచ్చింది. ఏడవడానికి దీనికో వంక, రావడానికి నాకో వంక. ఊళ్ళో నాకేం పనుందనుకున్నారు? మీరెళ్ళి ఆ కిటికీలు తియ్యండి."

వాకిట్లో జనం ఊపిరి పీల్చుకున్నారు. కొందరికి మాత్రం దుకాణం కట్టేసి వచ్చినందుకు ఏదో ఒకటి జరిగుంటే బాగుండేదనిపించింది. హెడ్డుగారు అందరికీ టీ పెట్టించారు, టీలో కూడా తైలం వాసనే వచ్చిందట.

గంటకని వచ్చిన అక్క వారం రోజులుంది. మూడోనాటికల్లా అక్కాచెల్లెళ్ళు మళ్ళీ పోట్లాడుకున్నారు, కాకపోతే ఈసారి నోరు విప్పి.