నాలుగో టోపీ

ఆ రోజు పొద్దున కెమిస్టుగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదికల్లా ల్యాబుకి వెళ్ళాలి, ఫ్రీజరులోంచి వేలెడంత సీసా తీయాలి, పదకొండింటికి దాన్ని డైరెక్టరు గారి ముందు పెట్టాలి. ఆ సీసాలో ఉన్నది ఎనిమిది మిల్లీగ్రాముల తెల్లపొడి. నాలుగేళ్ళ ఆయుష్షు మరగబెడితే ఆయనకి మిగిలింది అంతే. డైరెక్టరు గారు సరేనంటే పని సాగుతుంది. పెదవి విరిచారా, సాయంత్రానికి కెమిస్టుగారి బల్ల మీద ఇంకొకరి సామాను ఉంటుంది.

ఆ పొడి సంగతి కొంచెం చెప్పాలి. సూదితో తప్ప ఎక్కించడం కుదరని ఒక మందుని మాత్ర చేసి మింగించాలన్నది ఆయన పట్టుదల. ఆ మందు పెప్టైడు, అంటే గొలుసులాంటి అణువు. గొలుసు కనబడితే చాలు, కడుపులోని రసాలు కొస పట్టుకుని కొరుక్కు తినేస్తాయి. అందుకని రెండు కొసలూ కలిపి ఉంగరం చేశారు. కొసే లేకపోతే ఎక్కడని కొరుకుతాయి? అయితే ఆ ఉంగరానికి అక్కడక్కడా నీళ్ళంటే వ్యామోహం ఉన్న చోట్లున్నాయి. ఆ వ్యామోహంతో అది నీళ్ళని వదలదు, పేగు గోడ దాటదు. అలాంటి చోట మిథైల్ అనే బుల్లి ముక్కని కప్పితే గుట్టు చప్పుడు కాకుండా గోడ దాటిపోతుంది. ఇలా కప్పడాన్ని ల్యాబులో అందరూ "టోపీ పెట్టడం" అనేవారు. పేగుని మోసం చేయడమే కదా, మాట భలే కుదిరిందని నవ్వుకునేవారు. నవ్విన పాపం ఊరికే పోదు.

ఇంట్లో ఇంకో ఉంగరం గొడవ నడుస్తోంది. అత్తగారి పచ్చరాయి ఉంగరం పోయి తొమ్మిది రోజులు. సింకులో జారిందేమోనని పిలిస్తే ప్లంబరు వచ్చి గొట్టం ఊడదీశాడు. "గొట్టంలో లేదంటే నీ జేబులో ఉన్నట్టే" అని ఆవిడ తేల్చేసరికి, ఊడదీసిన గొట్టం అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి ఆవిడ కూతురు, అంటే కెమిస్టుగారి భార్య, గిన్నెలు పెరటి కుళాయి దగ్గర తోముతోంది. అత్తగారి చేతులు పాడవకుండా అల్లుడు తెచ్చిచ్చిన రబ్బరు తొడుగులు సింకు పక్క మేకుకి దిక్కులేకుండా వేలాడుతున్నాయి.

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ కెమిస్టుగారు పక్కబల్లాయనకి ఫోనులో మాట రికార్డు చేసి పంపారు. పక్కబల్లాయన అంటే ల్యాబులో పక్క బల్ల మీద పనిచేసే పెద్దమనిషి. "మనిద్దరం వేరా" అన్నది ఆయన ఊతపదం.

"గురూ, ఉంగరం నా దగ్గరే భద్రంగా ఉంది. మూడు టోపీలు ముందే పెట్టేశానా, నాలుగోది కూడా పెట్టేసినట్టే. పదకొండింటికి డైరెక్టరు గారికి చూపించేదాకా ఎక్కడా నోరు మెదపకు."

అది పక్కబల్లాయనకి వెళ్ళలేదు. "మన కుటుంబం" అనే గ్రూపుకి వెళ్ళింది. ల్యాబులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, గేటు దగ్గర పెట్టెలో దాన్ని పడేసి కెమిస్టుగారు హాయిగా లోపలికి పోయారు. ఆయన భాష తెలిసిన ఒకే ఒక్క ప్రాణి ఆయన భార్య. ఆవిడ పరీక్ష హాల్లో కాపలా ఉంది, సాయంత్రం నాలుగుదాకా ఫోను తెరవదు.

బావమరిది మాత్రం తెరిచాడు. అతను బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగి. మనిషి పుట్టుకే ఒక దొంగ క్లెయిమని నమ్మేవాడు. ఆ మాటల్ని మూడుసార్లు విని, అరగంటలో తల్లి ముందు వాలాడు.

"'గురూ' అంటున్నాడంటే వెనకాల ముఠా ఉందమ్మా."

"తొమ్మిది రోజులుగా నాతో కలిసి మంచం కింద వెతికాడురా!"

"అదేనమ్మా వాళ్ళ పద్ధతి. పద."

పదిన్నరకి ల్యాబు రిసెప్షనులో అత్తగారు బల్ల మీద అరచెయ్యి వేసి కొట్టింది. "మా అల్లుడు ఉంగరం ఇక్కడే దాచాడు. తెప్పించండి."

రిసెప్షను అమ్మాయి గుండె ఆగినంత పనయింది. ఆ ఆఫీసులో ఉంగరమంటే ఒకటే, బయటికి పొక్కితే ఉద్యోగాలు పోయే పరమ రహస్యం. వెంటనే డైరెక్టరు గారికి ఫోను చేసింది. ఆయన లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చారు.

"ఉంగరం గురించి మీకెవరు చెప్పారు?"

"చెప్పేదేంటి? అది నాదే!" అంది అత్తగారు.

"హక్కులు మీవంటున్నారా? అసలు మీరు ఎవరి తరఫున వచ్చారు?"

"పిల్ల తరఫున."

డైరెక్టరు గారు అలాంటి పేరున్న కంపెనీ ఏదైనా ఉందా అని ఒక్క క్షణం ఆలోచించారు. ఈలోగా బావమరిది ముందుకొచ్చాడు. "దాచకండి సార్. ఇప్పటికి మూడు టోపీలు పెట్టాడని, నాలుగోది ఇవాళ మీకేనని మా దగ్గర ఆధారం ఉంది."

డైరెక్టరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "టోపీల లెక్క కూడా తెలిసిపోయింది" అని గోడ పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే కెమిస్టుగారు సీసా చేత్తో పట్టుకుని నవ్వుమొహంతో వచ్చారు. అత్తగారిని చూసి నవ్వు ఆగింది. డైరెక్టరు గారిని చూసి కాళ్ళు ఆగాయి.

"బావా, టోపీ పెట్టావా లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

"పెట్టానురా! టోపీ అంటే మిథైలు!"

"మిథైలెవరు?" అన్నాడు బావమరిది.

"అయ్యో, నా కూతురి గొంతు కోశాడు! ఇంకొకత్తె కూడా ఉందా!" అని అత్తగారు కుర్చీలో కూలబడింది.

తర్వాత ఏం చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. డైరెక్టరు గారు సీసా లాక్కుని, లక్క ముద్ర వేయించి, బయటి పరీక్షకి పంపించారు. ల్యాబుకి తాళం పడింది. రహస్యం బయటపెట్టినందుకు కెమిస్టుగారి మీద విచారణ వేశారు.

"ల్యాబు భాష ఇంట్లో మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పానండీ?" అంది భార్య, నాలుగింటికి ఫోను తెరిచి. టోపీ అంటే ఏమిటో తల్లికీ తమ్ముడికీ బొమ్మ గీసి చూపించింది. "బొమ్మ బాగానే ఉందక్కా. ఉంగరం ఎక్కడ?" అన్నాడు తమ్ముడు.

మూడు రోజులు కెమిస్టుగారు ఇంట్లో కూర్చున్నారు. ఆయన కూర్చున్న గదిలోంచి అత్తగారు స్టీలు గ్లాసులు కూడా తీసి లోపల పెట్టుకుంది. చేసేదేమీ లేక, ఆయన ప్లంబరు వదిలేసిన గొట్టాన్ని బిగించడానికి కూర్చున్నారు. అదొక్కటే ఆ వారంలో ఆయన చేతిలో అతికింది.

నాలుగో రోజు డైరెక్టరు గారు పిలిచి రిపోర్టు ముందు పెట్టారు. సీసాలోని ఉంగరానికి ఉన్నవి మూడే టోపీలు. నాలుగోది అసలు అతకనే లేదు. కెమిస్టుగారు రాసుకున్న కాగితాల్లో నాలుగని ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"అదే మన అదృష్టమయ్యా," అన్నారు డైరెక్టరు గారు. "ఆ నాలుగో చోటు ఉంగరంలోకే ముడుచుకుని దాక్కుంటోందట. టోపీ అక్కర్లేదు. పేగు గోడని ఇంత సులువుగా దాటింది ఇంతవరకూ ఏదీ లేదు. పని ఇంకో నాలుగేళ్ళు పొడిగించాం."

కెమిస్టుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "రేపు ఎన్నింటికి రమ్మంటారు సార్?"

డైరెక్టరు గారు కిటికీలోంచి బయటికి చూశారు. "విచారణ ఉంది కదా, రూలు రూలే. అది తేలేదాకా మీరు గోడౌన్లో సీసాల లెక్క చూడండి. ఉంగరం పని పక్కబల్లాయనకి అప్పగించాం."

పక్కబల్లాయన గుమ్మం దాకా వచ్చి భుజం తట్టారు. "బాధపడకు. మనిద్దరం వేరా?"

ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి కేక వినిపించింది. అల్లుడు బాగుచేసిన సింకు దగ్గర, పదమూడు రోజుల తర్వాత అత్తగారు తొడుగులు తొడుక్కుంది. కుడిచేతి వేలి చివర ఏదో గట్టిగా తగిలింది. తిరగేసి దులిపితే పచ్చరాయి ఉంగరం టప్పున కిందపడింది.

"నాది నాకు దొరికింది బాబూ. ఇంక నీ మీద నాకేం కోపం లేదు," అని అత్తగారు పెద్దమనసుతో క్షమించి, స్టీలు గ్లాసులు బయట పెట్టింది.

కెమిస్టుగారు అందులో ఒక గ్లాసు తీసుకుని నీళ్ళు తాగారు. నాలుగో టోపీ ఎక్కడా అతకలేదని రిపోర్టులో ఉంది గానీ, ఆయన నెత్తికి మాత్రం కొలిచి కుట్టినట్టు సరిపోయింది.