యాలాల్ చేలలో దిగిన ఓడ

పొద్దున తొమ్మిదింటి బండికి తాండూరులో ఎక్కి, వికారాబాదులో అచ్చాఫీసు యాదగిరికి రాతప్రతి అప్పగించి, పొద్దుగూకేలోగా యాలాల్ చేరాలని కిష్టప్ప పంతులు ఆలోచన. గడువు ఆ రోజే. దాటితే పని ఇంకొకరికి ఇస్తానని యాదగిరి ఖరాఖండిగా చెప్పాడు. మూడేళ్ల చాకిరీ, పైగా మొదటి పుస్తకం.

ఏదో దేశంలో టెలివిజన్‌లో వచ్చిన నక్షత్రలోకపు కథను ఎవరో ఇంగ్లీషులో నవల చేశారు. యాదగిరి దాన్ని తెచ్చి, మనవాళ్లకు నచ్చేట్టు తెలుగు చేయమన్నాడు. టెలివిజన్ ఎట్లా ఉంటుందో పంతులు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అయినా ధైర్యం చేశాడు. కథలో ఆకాశపు ఓడ దిగే ఊరి పేరు నోరు తిరగక, ఓడను తెచ్చి తమ ఊరు యాలాల్‌లో వెంకటయ్య చేనులో దింపాడు. దిగిన చోట నేల పన్నెండేళ్లు మాడిపోతుందని కూడా రాశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నిన్న బడి అరుగు మీద కూర్చుని పదిమందికీ చదివి వినిపించాడు.

బండి ఆలస్యమైంది. స్టేషన్లో పంతులును ముందుగా పట్టుకున్నది వెంకటయ్యే. ఎరువు కోసం ఆయన చేనులో గొర్రెల మందను ఆపాల్సిన బీరయ్య, పంతులంతటివాడు కాగితం చూసి చదివింది అబద్ధం ఎందుకవుతుందని మందను మళ్లించుకుపోయాడట.

"మంద ఆగకుంటె నా చేను ఏం గావాలె సారూ? మీ ఓడను జర పక్కకు దింపున్రి," అన్నాడు వెంకటయ్య.

పంతులు బెంచీ మీద కూర్చుని రాతప్రతిలో ఓడను పక్కచేనులోకి జరిపి, చదివి వినిపించాడు. ఆ చేను గల దేవమ్మ అదే బండి కోసం వెనకే నిలబడి ఉంది. తన చేను ఏం పాపం చేసిందని నిలదీసింది. పంతులుకు విసుగెత్తి, నేల మాడే మాట కొట్టేసి, ఓడ దిగిన చోట ఎరువు లేకుండానే జొన్న నిలువెత్తు పెరిగిందని రాసి చదివాడు. పీడ వదిలిందనుకున్నాడు పాపం.

వెంకటయ్య ముఖం మారిపోయింది.

"ముందుగాల దిగింది నా చేన్ల. నన్ను అడగకుండ గా ఓడను గామెకు ఎట్లిస్తరు?"

వచ్చినదాన్ని ఇచ్చేది లేదంది దేవమ్మ. ఈ రభస విని, బండికి వచ్చిన మిగతా రైతులూ తమ చేలు ఏం తీసిపోయాయని మూగారు. స్టేషన్ పక్కగా మందను తోలుకుపోతున్న బీరయ్య కూడా వచ్చి చేరాడు.

"ఎరువు అక్కర్లేదని రాస్తె నా మందను ఎవరు పిలుస్తరు సారూ? మేమెట్ల బతకాలె?"

ఆ మాటకు పంతులు మనసు చివుక్కుమంది. ఓడ దిగిన చేనులో బీరయ్య మంద ఆగితేనే జొన్న పెరుగుతుందని దిద్దాడు. బండి వచ్చేలోగా ఓడ ఏడు చేలలో దిగి లేచింది.

వికారాబాదులో యాదగిరి ఆ కొట్టివేతలన్నీ ఓపిగ్గా చదివాడు. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని పంతులు తల వంచుకుని, కట్ట వెనక్కి తీసుకోవడానికి చెయ్యి చాచాడు. యాదగిరి ఇవ్వలేదు.

"ఇంగ్లీషుల గా ఓడ ఒక్కపారి దిగి ఊకున్నది. మీ దాంట్ల మస్తు తిరిగింది సారూ. రేపే అచ్చుకిస్త. గని మా అత్తగారి చేను కోట్‌పల్లిల ఉన్నది," అని ఆగాడు.

కిష్టప్ప పంతులు పెన్ను తీసి, ఓడను కోట్‌పల్లికి మళ్లించాడు.