మెట్ల పక్క కుండీల్లో చేపలు

ఆ ఆదివారం పొద్దున సరిగ్గా పది గంటలకు, కాఫీ డబ్బాలో ఉన్న కొబ్బరి పొట్టును నీళ్లలో వేయాలి. అంతే పని. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన పెద్దాయనకు పది అంటే పదే, ఒక్క నిమిషం అటూ ఇటూ కుదరదు. ఎనిమిదింటికే తయారై, పంపునీళ్లలోని మందు ఘాటు పోవడానికి మూడు రోజులుగా నిలవబెట్టిన నీళ్లు తొట్టెలో పోసి, పనిలో కంటికి పెట్టుకునే బుల్లి భూతద్దాన్ని తుడుచుకుని కూర్చున్నాడు.

ఆ పొట్టులో కిల్లీచేపల గుడ్లున్నాయి. ఏడాది తిరక్కుండానే పోయే చిట్టి రంగుల చేపలవి. వాటి గుడ్లను ఆరీ ఆరని పొట్టులో మూడు నెలలు దాచి, ఆ తరవాత నీళ్లలో వేస్తే గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. ఈ విద్య ఆయన భార్యది. మొదటిసారి ఆవిడ దోసెడు మట్టి లాంటిది నీళ్లలో కలిపి, "సాయంత్రానికి చేపలొస్తాయండీ" అంటే ఆయన పడీ పడీ నవ్వాడు. సాయంత్రం ఆవిడ ఆయన భూతద్దమే లాక్కుని కంటికి పెట్టుకుని, "లేచారండీ పిల్లలు" అంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో పదకొండు తరాల చేపలు పుట్టాయి. ఆవిడ పోయి ఏడాదిన్నర. చివరి రెండు తరాలను ఆయన ఒక్కడే పెంచాడు. పెద్ద చేపల్లో ఆఖరిది కిందటి నెల పోయింది. ఇక మిగిలినదల్లా ఆ డబ్బాలోదే. అదీ పోతే, ఆవిడ చేత్తో మొదలైంది తన చేతుల్లో ముగిసిపోతుందని ఆయన బెంగ.

ఆ ఇంట్లో డబ్బాలకో పద్ధతుంది. పైన రాసింది లోపల ఉండదు. ఉప్పు డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో ఉప్పు, బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారాలూ. ఇదేం సర్దుడని ఎవరైనా అడిగితే, "నాకు తెలుసుగా" అనేది ఆవిడ. ఇల్లాలి ఈ సర్దుడు ఆ మేడలోని వాటాలన్నిటికీ ఓ కబురే. ఆవిడ పోయాక కూడా ఆయన గానీ, వచ్చిపోయే కూతురు గానీ ఒక్క డబ్బా కదపలేదు. అయితే నెల కిందట కూతురితో పాటు అల్లుడు కూడా ఆ ఇంటికే మకాం మార్చాడు. అతనికి మందుల షాపు. సీసా మీద ఒకటి, లోపల ఇంకొకటి ఉంటే అతనికి నిద్ర పట్టదు.

పది కావడానికి పది నిమిషాలుండగా పెద్దాయన వంటింట్లోకి వెళ్లాడు. అలమర నిండా కొత్త గాజు సీసాలు, వాటి మీద అచ్చుగుద్దినట్టు చీటీలు.

"ఇక్కడ కాఫీ డబ్బా ఉండాలే?"

"పారేశాను మామయ్యగారూ. తుప్పు పట్టింది."

"మరి అందులోది?"

"పాత పొట్టేగా. నిన్న మెట్ల పక్క కుండీలన్నిట్లో తలా కాస్త వేశాను. మొక్కలకి బలం." అల్లుడు మెచ్చుకోలు కోసం ఎదురుచూశాడు.

కూతురు చేతిలో గరిటె పక్కన పెట్టింది. "అవి అమ్మ చేపలు" అంది.

మెట్ల మీద కుండీలు ఆరు. రెండు కింది వాటా కుట్టుపనావిడవి, రెండు పై వాటా బస్సు కండక్టరువి, రెండే వీళ్లవి. పెద్దాయన కంటికి భూతద్దం బిగించి, చిన్న పట్టకారుతో మట్టిని చిటికెడు చిటికెడుగా తీసి వెతకసాగాడు. డ్యూటీకి బయల్దేరిన కండక్టరు మధ్య మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఏం వెతుకుతున్నారు బాబాయిగారూ?"

"చేప గుడ్లు."

"ఎండిన కుండీలోనా?"

"అవును. మీ కుండీలు కూడా ఓ పూట ఇప్పిస్తే నీళ్లలో వేస్తాను."

కండక్టరు నవ్వలేదు. కిందికి దిగి, కుట్టుపనావిడ చెవిలో ఓ ముక్క వేసి, ఆ రోజుకి సెలవు పెట్టేశాడు. భూతద్దం పెట్టి మట్టి గాలించే మనిషి చేప గుడ్ల కోసం గాలిస్తాడా? ఉప్పు డబ్బాలో పంచదార పెట్టే ఇల్లాలు నగలు కుండీలో పెట్టదా? తప్పు దిద్దుకుందామని అల్లుడు ఇంటింటికీ తిరిగి, "దయచేసి ఆ పొట్టు పారేయకండి, మా అత్తగారిది, మళ్లీ దొరికేది కాదు" అని బతిమాలాడు. దాంతో నగలేనా అని వాళ్లకున్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. పదకొండు కొట్టేసరికి మెట్ల మీద ఒక్క కుండీ లేదు. వీళ్ల రెండూ కూడా లేవు.

పెద్దాయన తలుపులు తట్టాడు. లోపల నీళ్ల చప్పుడు వినిపించింది కానీ ఎవరూ తీయలేదు. ఎవరి మీదా కోపం రాలేదాయనకు. చేప గుడ్లంటే మొదట నవ్వింది తనే కదా.

మధ్యాహ్నమంతా ఆయన నీళ్లు తప్ప ఏమీ లేని తొట్టె ముందు కూర్చున్నాడు. కూతురు వచ్చి పక్కన చతికిలబడింది.

"అమ్మ ఉంటే తిట్టేది నాన్నా."

"తిట్టినా బావుండేదే" అన్నాడాయన. ఇద్దరూ చాలాసేపు ఆవిణ్ణి తలుచుకున్నారు.

పొద్దు వాలుతుండగా తలుపు చప్పుడైంది. కుట్టుపనావిడ రెండు చేతులా బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. వెనక కండక్టరు, చేతిలో బేసిన్, చూపు నేల మీద.

"కోప్పడకండి బాబాయిగారూ" అందావిడ. "బంగారమైతే అడుక్కి దిగుతుందని మట్టంతా నీళ్లలో కలిపి పెట్టాం. మా దగ్గర నీళ్లు కూడా తాజావి కావు, పంపు వచ్చి మూడు రోజులైంది. ఇప్పుడు చూస్తే పురుగులు పడ్డాయి. వాటికి కళ్లున్నాయి."

పెద్దాయన భూతద్దం పెట్టుకుని వంగాడు. కనురెప్ప వెంట్రుకంత ప్రాణాలు, ఒక్కోదానికి రెండేసి కళ్లు, మట్టినీళ్లలో తటాలున పక్కకి జరుగుతున్నాయి. "లేచారు" అన్నాడు. కూతురు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తెల్లటి చెంచాతో ఒక్కొక్కటే ఎత్తి తొట్టెలోకి వదిలారు. లెక్క ఇరవై మూడు తేలింది. భూతద్దం చేతులు మారింది. కండక్టరు అందరికంటే ఎక్కువసేపు చూసి, "ఇంతేనా, ఇంకేమీ లేవా?" అన్నాడు.

"ఇంతే" అన్నాడు పెద్దాయన. "ఈసారి పెట్టే గుడ్లలో మీకూ ఓ డబ్బా ఇస్తాను."

ఆ రాత్రి అల్లుడు సీసాల మీది చీటీలన్నీ ఊడబీకాడు. చెత్తబుట్టలోంచి కాఫీ డబ్బా తీసి తుప్పు తోమాడు. భార్యను అడిగి అడిగి, ఏది ఏ డబ్బాలో ఉండేదో అన్నీ మళ్లీ అత్తగారి పద్ధతిలోనే సర్దాడు.

మర్నాడు పొద్దున అతను కలిపిన కాఫీ ఉప్పగా ఉంది. పెద్దాయన వంక పెట్టకుండా చివరి గుక్క దాకా తాగాడు.