చిల్లులు మూసిన తీర్మానం

ఒక పెద్ద అడవిలో ఒక అడవి చిక్కుడు తీగ ఉండేది. చేదు ముందొచ్చిందో, మీటింగు ముందొచ్చిందో నేను తారుమారు చేయవచ్చు గాని, ఆకు రాలింది మాత్రం చివర్లోనే.

ఆ తీగ మీద గొంగళి పురుగుల సంఘం ఒకటి. అధ్యక్షుడు గొంగళయ్య. ఓ ఆకు కింద ముసలి పేనుబంక బంకమ్మ, కూతురు, మనవరాళ్లతో రసం పీల్చుకుంటూ బతికేది. ఈమధ్య ఆమెకు పిల్లల పేర్లు గుర్తుండటం లేదు. ఎవరైనా తప్పిపోతారేమోనని రోజూ సాయంత్రం పిలిచి చూసుకునేది.

ఒకనాడు గొంగళయ్య అత్యవసర సమావేశం పెట్టాడు.

"ఒక ఆకు కొరికితే, మనం వెళ్లేలోపే పక్క ఆకు చేదెక్కుతోంది. కబురు మోసేదెవరు?"

ఆకు లోపల సొరంగాలు తవ్వే పురుగుతో ఏకసభ్య కమిషన్ వేశారు. అది మూడు రోజులు లోపలే తిని, బలిసి, బయటికొచ్చింది.

"అయ్యా, లోపలన్నీ గదులే. గదికీ గదికీ మధ్య గోడ. గోడ నిండా వెంట్రుక దూరనంత చిల్లులు. ఈ గది మాట ఆ గదికి అందులోంచే పోతోంది."

"అనుమతి లేకుండానా? మూయించండి," అన్నాడు గొంగళయ్య.

బంకమ్మ తలెత్తింది. "నాయనా, తీపి వచ్చేదీ ఆ చిల్లుల్లోంచే కదా."

"పెద్దమ్మా, నిన్న నన్ను చీమా అని పిలిచావు. నీ మాట మినిట్స్‌లోకి ఎక్కించలేం."

సభ నవ్వింది. బంకమ్మా నవ్వింది. నిజంగానే పిలిచింది మరి.

మూసే కాంట్రాక్టు బూజుకిచ్చారు. బూజు ఆకు మీద కాలు పెట్టిందో లేదో, రోగమొచ్చిందని గదులు తమ చిల్లులు తామే బిగించుకున్నాయి.

"మొదలెట్టకముందే పని పూర్తి," అన్నాడు గొంగళయ్య. ఆ ఆకు మీదే సన్మానం ఏర్పాటైంది.

ఆ ఆకు కిందే ఉన్న బంకమ్మకు రసం అందలేదు. ఇంకోసారి పీల్చి చూసింది. పేర్లు మరిచింది గాని, తీగ వదులుకోబోయే ఆకు రుచి మరవలేదు. "లేవండర్రా," అంటూ పిల్లల్ని కాండం వైపు నడిపించింది.

"దండ వేసేదాకా ఉండు పెద్దమ్మా."

"నువ్వు వేయించుకో నాయనా. మా పిల్లలకు ఆకలి."

ప్రసంగాలు మూడు రోజులు సాగాయి. మూడోనాడు దండ మెడలో పడుతుండగా, పసుపెక్కిన ఆకును తీగ తొడిమతో సహా వదిలేసింది. అధ్యక్షుడు, కమిషన్, కాంట్రాక్టరు వేదికతో పాటే కిందికి దిగారు.

కాండం మీద బంకమ్మ పేర్లు పిలిచింది. "పోలమ్మా, నూకాలూ, గవరమ్మా, సీతాలూ..." ఆగి, కూతురు వైపు తిరిగింది. "సరిగ్గా పిలిచానో లేదో చూడవే ఎర్రమ్మా. ఎవరైనా తగ్గారా?"

"సగం పేర్లు తప్పమ్మా. అందరూ ఉన్నారు."

నీతి: చిల్లు లేని పాలన కావాలనుకునేవారు ముందుగా కింద మెత్తటి నేల చూసుకోవాలి.