భద్రమ్మకు ఎక్కని గ్లూకోజు

నెల్లికుదురు మండలం రేగడి తండాలో జబ్బు పడటానికి ఒక పద్ధతి ఉంది. జ్వరమో నొప్పో వచ్చినంత మాత్రాన మనిషి రోగి అయిపోడు. ఇంటి దూలానికి గ్లూకోజు సీసా వేలాడాలి, దాని గొట్టం చేతి దాకా దిగాలి, చుక్కలు పడుతూ ఉండాలి. అప్పుడే తండా ఆ జబ్బును జబ్బుగా గుర్తిస్తుంది. సీసా లేకుండా మూలిగేవాళ్లను మర్యాదస్తులెవరూ పట్టించుకోరు.

సీసా ఎక్కిందన్న కబురు అందగానే చుట్టాలు బ్రెడ్డు ప్యాకెట్లతో, బత్తాయిలతో వస్తారు. ముందు సీసాను చూస్తారు, తరువాత వీలైతే రోగిని చూస్తారు. "ఇంక సగమున్నది" అని ఒకరు ప్రకటిస్తే మిగిలినవాళ్లు సర్దుకుని కూర్చుంటారు. సీసా అయిపోకముందే లేవడం అమర్యాద. అయిపోయాక కూర్చోవడం అంతకంటే అమర్యాద, ఎందుకంటే అప్పటికి రోగి బాగుపడినట్టే లెక్క.

ఈ వైద్యాన్ని మోటారు సైకిల్ మీద మోసుకొచ్చే మహానుభావుడు సాంసన్ డాక్టరు. ఆయన డాక్టరు కాడన్న సంగతి ఆయనతో సహా అందరికీ తెలుసు. ఆ మాట ఎత్తి ఎవరూ ఆయన్ని నొప్పించరు. మామూలు మనుషులకు తెల్ల సీసా పెడతాడు, పరువున్న కుటుంబాలకు బలం మందు కలిపిన పసుపుపచ్చ సీసా పెడతాడు.

ఇలాంటి తండాలో ఉంటూ భద్రమ్మ పోయి పోయి బీపీ తెచ్చుకుంది. బీపీ బొత్తిగా గౌరవం లేని జబ్బు. పొద్దున్నే ఒక గోలీ మింగితే సరిపోతుంది. ముసలమ్మ గోలీ మింగుతుంటే చూడటానికి బత్తాయిలు పట్టుకుని ఎవరొస్తారు? పెద్దకొడుకు టీక్యా ఇల్లు ఆమె ఇంటిని ఆనుకునే ఉంది. మధ్యలో గోడ ఒక్కటే. గోడ మీదుగా కూర గిన్నె వేళకు వస్తుంది, టీక్యా మాత్రం రాడు. అతను చెడ్డవాడేం కాదు. సీసా ఎక్కిన ప్రతిసారీ పనులన్నీ మానుకుని తల్లి మంచం మీదే కూర్చున్నాడు. అందుకే భద్రమ్మకు అప్పుడప్పుడూ నీరసం వచ్చేది.

అంతలో ఆరోగ్య ఉపకేంద్రంలో వృద్ధుల శ్రేయస్సు సదస్సు జరిగింది. పై నుంచి వచ్చిన అధికారి శాలువా కప్పించుకుని, అన్నాలు చల్లారిపోయే దాకా ప్రసంగించారు. "అనవసరపు గ్లూకోజు ఆరోగ్యానికి శత్రువు! బీపీ ఉన్న పెద్దలకు మరీ ప్రమాదకరం! వృద్ధులు ఉల్లాసంగా ఉండాలి! వంగి లేచే వ్యాయామం చేయాలి, రోజూ కొంత దూరం నడవాలి!" అన్నారు. పగలంతా మిరప తోటలో వంగి లేచి, సాయంత్రం కట్టెల మోపుతో ఇంటికి నడిచే ముసలివాళ్లంతా ఇకమీదట తప్పకుండా అలాగే చేస్తామని చేతులెత్తారు. సాంసన్ డాక్టరు కూడా చప్పట్లు కొట్టి, పెద్దవాళ్లకు ఇక సీసాలు పెట్టనని మాటిచ్చాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. ఈ కథలో నమ్మశక్యం కానిది ఇదొక్కటే.

సదస్సు ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. వృద్ధుల ఆరోగ్యం ఎంతగా మెరుగుపడిందంటే, వాళ్ల మొహం చూడాల్సిన అవసరం తండాలో ఎవరికీ కలగలేదు.

ఒకరోజు భద్రమ్మ ఉపకేంద్రానికి నడిచి వెళ్లింది. నర్సు స్వాతి చేతికి పట్టీ చుట్టి చూసింది. బీపీ బాగా పెరిగింది.

"గోలీలు వేసుకుంటలేవా అవ్వా? గిట్ల చేస్తే కాలో చెయ్యో పడిపోతది."

"గోలీలు వద్దు బిడ్డా. ఒక్క సీసా ఎక్కియ్యి."

"సీసా ఎక్కిస్తే నీ పానం మీదికొస్తది."

"పానం కోసం గాదు బిడ్డా. సీసా ఉంటెనే మా టీక్యా జర కూసుంటడు. గోడ అవతల వాని దగ్గు ఇనవడ్తది, మనిషి కనవడడు."

ఇలాంటి రోగానికి ఏం చేయాలో స్వాతికి చదువులో చెప్పలేదు. ఇకనుంచి రోజూ గోలీ వేసుకోవాలని భద్రమ్మను ఒప్పించి, మరునాడు పొద్దున ఒక నేరానికి పాల్పడింది. పసుపుపచ్చ సీసా తెచ్చి దూలానికి వేలాడదీసింది. గొట్టం తగిలించి, చుక్క పడకుండా బిగించి, సూది పెట్టకుండా దాని కొసను చేతికి పట్టీతో అంటించి వెళ్లిపోయింది.

తండా కదిలింది. టీక్యా పరుగున వచ్చి మంచం మీద కూర్చున్నాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే చిన్నకొడుకు రాజేందర్ వీడియో కాల్ చేశాడు. "అన్నా, జర సీసా చూపెట్టు" అన్నాడు. చూపించారు. "పచ్చదే పెట్టిన్రు, మంచిగున్నది" అని తృప్తిపడి, ఫోను తల్లి వైపు తిప్పేలోపే పెట్టేశాడు.

సీసా మాత్రం తగ్గలేదు. మర్యాద తెలిసిన జనం కాబట్టి ఎవరూ లేవలేకపోయారు. మిరప ధర గురించి మాట్లాడారు, పెళ్లిళ్ల గురించి మాట్లాడారు, చివరికి చెప్పుకోవడానికి ఏమీ మిగలక భద్రమ్మతో మాట్లాడారు. తల్లి పాదాలు వాచి ఉన్నాయని టీక్యా అప్పుడే చూశాడు. చిన్నప్పుడు అతను మేకపిల్లను దుప్పట్లో దాచుకుని పడుకున్న ముచ్చట ఆమె చెబితే ఇల్లంతా నవ్వింది. అన్నం తల్లీ కొడుకూ ఒకే కంచంలో తిన్నారు. ఆ పూట భద్రమ్మ మొహం చూస్తే ఎవరికైనా కడుపు నిండేది.

పొద్దు వాలేసరికి టీక్యా ఓపిక అయిపోయింది. "గిదేంది, చుక్క పడ్తలేదు" అని సాంసన్ డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆయన వచ్చి, గొట్టాన్ని పైనుంచి కింద దాకా తడిమి, పట్టీ ఊడదీశాడు. కింద సూది లేదు.

తండా నివ్వెరపోయింది. "గింత మోసమా యాడీ? మిరపకాయ కళ్లంల ఇడిసిపెట్టి వచ్చిన!" అని టీక్యా తల్లిని నిలదీశాడు. అతని బాధ నిజమైనదే. ఒంట్లో బాగుండి కూడా మనుషులను పక్కన కూర్చోబెట్టుకోవడం ఘోరమైన తప్పని పెద్దలు తేల్చారు. ఇచ్చిన బత్తాయిలు మాత్రం వెనక్కి అడగలేదు, తండాది పెద్ద మనసు. వైద్యపరమైన అవసరం లేకుండా వృద్ధురాలి వద్ద బంధువులు కూర్చోవడానికి కారకురాలైనందుకు స్వాతిని అధికారి సంజాయిషీ కోరారు.

మరునాడు స్వాతి గోలీలు తీసుకుని వెళ్లింది. భద్రమ్మ వాటిని చేతిలోకి తీసుకుంది.

"గివి వేసుకోకుంటె కాలు చెయ్యి పడిపోతదన్నవు గదా బిడ్డా?"

"అవునవ్వా. మంచంల పడ్తవు."

"మంచంల పడితె టీక్యా రోజూ వచ్చి కూసుంటడు గదా?" అని అడిగి, గోలీలు తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

ఈ జబ్బుకు మందు ఉపకేంద్రంలో నిల్వ లేదు. పై అధికారులను అడిగితే సరఫరా లేదన్నారు. పాఠకుల దగ్గర ఉంటే తండా దాకా పంపే శ్రమ తీసుకోనక్కర్లేదు. ముందు మీ ఇంట్లోనే వాడి చూడండి.